అద్దంతో కొట్లాడిన తేనెపిట్ట

అద్దంలో తన నీడను చూసి పోట్లాడుతున్న పిట్టను చూపించి, "చూడండి, ఎంత చక్కగా నాట్యం చేస్తోందో" అని తరగతి మొత్తానికి పాఠం చెప్పిన మనిషిని నేను. అప్పటికి జంతుశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు హన్మకొండ సుబేదారిలో మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవాలు చెప్పండి సార్" అంటారు. నేను సాధించినవి చెప్పడానికి ఒక టీ చాలు. చేసిన తప్పులు చెప్పాలంటేనే రెండోసారి టీ పెట్టించాల్సి వస్తుంది. ఇది రెండో టీ కథ.

నా ఆఖరి పోస్టింగు వరంగల్‌కు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఊరి పేరు ఎందుకులెండి. అక్కడి వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు నాకు ఇంకా పిలుపులు రావాలి. మాలో చాలామందిమి హన్మకొండ నుంచి అప్ అండ్ డౌన్ చేసేవాళ్లం. బస్సులో ఒకరికొకరం సీటు ఆపుకొని, పేపరు నాలుగు ముక్కలు చేసుకొని చదువుకుంటూ, పది గంటల బెల్లుకు అటూ ఇటూగా కాలేజీలో దిగేవాళ్లం.

ఆ బెల్లు కొట్టేది మా జువాలజీ ల్యాబ్ అటెండర్. పిల్లలంతా ఆమెను ఆపా అని పిలిచేవాళ్లు, ఉర్దూలో అక్క అని. నేను ఆమెకన్నా పదిహేనేళ్లు పెద్దవాణ్ని. అయినా అందరితో పాటు నాకూ ఆమె ఆపానే. ల్యాబ్‌లో జాడీలు తుడవడం, మైక్రోస్కోపులు సర్దడం, గంట గంటకూ వెళ్లి బెల్లు కొట్టి రావడం, అన్నీ ఆమే. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. పద్నాలుగేళ్లుగా ప్రతి ఎండాకాలం రెన్యువల్ కాగితం వస్తుందా రాదా అని ఎదురుచూస్తూ ఉండేది. వచ్చిన రోజు అందరికీ మిర్చి బజ్జీలు తెచ్చేది.

నా పాఠాలన్నిటిలో నాకు ముద్దొచ్చేది హమ్మింగ్ బర్డ్ పాఠం. బొటనవేలంత పక్షి. రెక్కల్ని పైకీ కిందికీ కాకుండా ముందుకూ వెనక్కూ, పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాగా తిప్పుతుంది. అందుకే పువ్వు ముందు గాలిలో కదలకుండా నిలబడగలదు, వెనక్కి కూడా ఎగరగలదు. ఆడపక్షి మనసు గెలవడానికి మగది ఆకాశంలోకి నిటారుగా లేచి, అక్కడి నుంచి రాయి పడ్డట్టు కిందికి దూకి, ఆమె కూర్చున్న కొమ్మ దగ్గర మలుపు తిరిగి మళ్లీ పైకి పోతుంది. కొన్ని జాతుల్లో ఆ వేగానికి తోక ఈకలే ఈల వేస్తాయి. ఇదంతా నేను స్టూలు ఎక్కి, చేతులు ఆడిస్తూ, ఈల వేస్తూ చెప్పేవాణ్ని. వెనక బెంచీల్లో నవ్వులు. పక్క గదిలో ఫిజిక్స్ సారు గోడ మీద తట్టేవాడు.

ఒక ఏడు ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, మీరు దాన్ని చూసిన్రా?"

"వీడియోల చూసిన."

"మరి మన దగ్గర గసోంటిది ఏం లేదా సార్?"

ఉంది, తేనెపిట్ట ఉంది అని చెప్పాను. రెండూ చుట్టాలు కావు. వేరే వేరే ఊళ్లలో ఉన్న ఇద్దరు టైలర్ల మెడలోనూ టేపు వేలాడుతున్నట్టు, పువ్వుల్లోంచి తేనె తాగే పని చేస్తాయి కాబట్టి రెండింటికీ పొడవాటి సన్నటి ముక్కు. మన పిట్ట ఎక్కువగా కొమ్మ మీద కూర్చునే తాగుతుంది, అవసరమైతే కాసేపు గాలిలో నిలబడుతుంది. ఇంతవరకూ చెప్పింది సరైనదే. అక్కడితో ఆగివుంటే ఈ కథ లేదు.

ఆ ఏడు మా గ్రూపుకు గండం వచ్చింది. పిల్లలంతా కంప్యూటర్ల వైపు పోయారు. మొదటి సంవత్సరం జువాలజీలో తొమ్మిదిమంది మిగిలారు, వాళ్లలోనూ ఇద్దరు వేరే సీటు దొరకక వచ్చినవాళ్లు. పిల్లలు తక్కువున్న గ్రూపుల్ని ఎత్తేయాలా ఉంచాలా తేల్చడానికి మార్చి నెలలో కమిటీ వస్తుందని కబురు వచ్చింది. గ్రూపు పోతే నాకేం కాదు, ఇంకో కాలేజీకి బదిలీ అవుతాను. ఆపా మాత్రం ఇంటికి పోవాలి. ల్యాబ్ లేని కాలేజీలో ల్యాబ్ అటెండర్ ఉండదు. ఈ సంగతి స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు. ఆమె వచ్చినప్పుడు మాత్రం అందరం మాట మార్చేవాళ్లం.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. కామర్స్ మనిషి, మంచివాడే. ఫ్లెక్సీలంటే మాత్రం ఆయనకు ప్రాణం.

"సార్, కమిటీకి ఏమన్న చూపాలె. కొత్తది. ఊకె జాడీలు, కప్పలు చూపితే ఒప్పుకోరు. మీ డిపార్ట్‌మెంటుకు జర స్పెషల్ ఉండాలె."

నేను స్పెషల్ కోసం వెతుకుతున్న రోజుల్లోనే సైకిల్ షెడ్డు దగ్గర ఆ పిట్ట కనబడింది. నల్లగా, ఎండ పడితే నీలంగా మెరిసే మగ తేనెపిట్ట. ఫిజిక్స్ సారు బండి అద్దం ముందు గాలిలో నిలబడి రెక్కలు కొట్టుకుంటోంది. చంకల్లో దాచుకునే పసుపు, నారింజ రంగు ఈకల్ని బయటికి విప్పింది. అద్దాన్ని ముక్కుతో తాకుతుంది, వెనక్కి జరుగుతుంది, మళ్లీ వస్తుంది. నాకు ఒళ్లు పులకరించింది. ముప్పై ఏళ్లుగా స్టూలెక్కి నేను చేసిన అభినయం నా కళ్ల ముందే జరుగుతోంది. సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాను.

ఇక్కడ మా వైపు ఒక అలవాటు గురించి చెప్పాలి. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో మా ఊళ్లలో బండ్ల అద్దాలకు చేతి రుమాళ్లు, కవర్లు, పాత సాక్సులు తొడిగి ఉంటాయి. ఎందుకంటే పిట్టలు వచ్చి అద్దం పొడిచి, రెట్టలు వేసి పోతాయి. ఎందుకు పొడుస్తాయని ఏ రైతును అడిగినా చెప్తాడు. ఫిజిక్స్ సారు కూడా జేబులోంచి సాక్సు తీసి అద్దానికి తొడగబోయాడు. నేను ఆపాను.

"జర ఆగన్నా. శాస్త్రానికి సాక్సు తొడగకు."

"నా అద్దమంత రెట్టలు సార్."

"అది నాట్యం చేస్తున్నది. కోర్ట్‌షిప్ డిస్‌ప్లే."

"ఎవల కోసం సార్? ఆడపిట్టేది?"

చాలా మంచి ప్రశ్న. నా శిష్యుడు ఎవరైనా ఆ ప్రశ్న వేసివుంటే మార్కులు వేసేవాణ్ని. ఫిజిక్స్ వాడు అడిగాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

మర్నాడే ల్యాబ్ కిటికీ పక్కన గోరింట చెట్టు కొమ్మకు ఒక అద్దం వేలాడదీశాను. పాత బీరువాది, జానెడు వెడల్పు. ఒక్కపూటలో పిట్ట దానికి అలవాటైంది. పొద్దున పదికి వస్తే సాయంత్రం దాకా అక్కడే. పిల్లల్ని తీసుకొచ్చి వరసగా నిలబెట్టి పాఠం చెప్పాను. వేరే గ్రూపుల పిల్లలు కూడా వచ్చారు. ఇంగ్లీషు మేడం తన క్లాసునే తీసుకొచ్చింది. మా గ్రూపు మొహం చూడనివాళ్లు కూడా "సార్, ఇయ్యాల డ్యాన్స్ ఉన్నదా?" అని అడగడం మొదలైంది. కమిటీకి ఇవ్వడానికి రెండు పేజీల నోటు రాశాను. అందులో నాట్యం అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ప్రిన్సిపాల్ గారు ఇంకో అడుగు ముందుకేశారు. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. "హమ్మింగ్ బర్డ్ పరిశీలన కేంద్రం" అని రాసివుంది. ఒక మూల నెట్‌లో నుంచి తీసిన పచ్చటి హమ్మింగ్ బర్డ్, ఇంకో మూల ఆయన ఫొటో. ఆయన ఫొటోయే పెద్దది.

"సార్, అది హమ్మింగ్ బర్డ్ కాదు. ఆ పక్షి ఈ దేశంలోనే లేదు" అన్నాను.

"ఎవలకు ఎరుక సార్? కమిటీల ఒకలు ఎకనామిక్స్, ఒకలు హిస్టరీ అట. తేనెపిట్ట అంటే ఏముంటది, అందరి ఇండ్లల్ల ఉంటది. ఆపా కొలువు నిలబడాల్నా వద్దా?"

ఆ మాటకు తలూపి వచ్చేశాను. నిజానికి అది నాకు మంచి సాకు దొరికినట్టయింది. నా పేరుతో పేపర్లో ఒక ముక్క వస్తుందన్న ఆశ కూడా లోపల ఉంది, దాన్ని ఆపా కొలువు వెనక దాచిపెట్టాను. చిన్నవాళ్లు మీరు, చెప్తున్నాను వినండి. ఎదుటివాడి మంచి కోసమే చేస్తున్నానని అనిపించినప్పుడు ఒకసారి ఆగి, అందులో మన వాటా ఎంతో చూసుకోవాలి.

ల్యాబ్ వెనక ఒక చిన్న వరండా ఉంది. అక్కడ ఎప్పుడో తీసేసిన లైటు తాలూకు వైరు ముక్క ఒకటి వేలాడుతుంటుంది. మధ్యాహ్నం ఆపా అక్కడే కూర్చునేది. ఆ మూల బూజు పట్టి ఉందని అంతకు కొన్నాళ్ల ముందు నేను ఆమెను కోప్పడ్డాను. "కమిటీ వస్తుంటే ఈ బూజేంది ఆపా?" అని. ఆమె తల ఊపింది గానీ దులపలేదు. ఎందుకు దులపలేదో నేను అడగలేదు. ఆ బూజు దారాలతో, ఎండిన ఆకు ముక్కలతో ఆడ తేనెపిట్ట ఆ వైరుకు సంచీలాంటి గూడు అల్లుకుంటోందని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. ల్యాబ్‌కు ముందు వైపు నేను అద్దం వేలాడదీసి నాట్యం చూస్తుంటే, వెనక వైపు ఆమె సంసారం చూస్తోంది.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు ఆపా నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. అది రంజాన్ నెల. ఒక్కపొద్దులు ఉంటోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"సార్, గా అద్దం తీసెయ్యుండ్రి."

"ఎందుకు ఆపా?"

"ఎనక గూట్ల రెండు పిల్లలున్నయ్ సార్. మొగపిట్ట పొద్దంత అద్దం కాడనే ఉంటాంది. ఆడిది ఒక్కతే తిరిగి మేపుతాంది. ఏం సరిపోతది? నిన్నటికెల్లి ఒక పిల్ల నోరు సుత సక్కగ తెరుస్తలేదు."

"తేనెపిట్టల్లో గూడు కట్టేది, పొదిగేది ఆడదే ఆపా" అని పాఠం మొదలుపెట్టాను.

"కట్టుడు, పొదుగుడు ఆడిదే సార్. మేపుడు ఇద్దరిది. మొన్న గాలి దుమారం లేస్తే అద్దం లోపట వెట్టినం గద, గా నాడు మొగది సుత పురుగులు తెచ్చింది. అది నాట్యం కాదు సార్. కొట్లాట. అద్దంల ఇంకో మొగపిట్ట ఉన్నదనుకుంటాంది. దాన్ని ఎల్లగొట్టాలెనని పిల్లల్ని ఇడిసిపెట్టింది."

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది తప్పని కాదు, నేను కట్టుకున్నదంతా కదిలిపోయిందని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఊరికే అనలేదు పెద్దలు. "ఎమ్మెస్సీ చదివింది నువ్వా నేనా ఆపా?" అన్నాను. ఈ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఆమె గడియారం వైపు చూసి, "నాకు పొద్దుగూకినంక తిండి దొరుకుతది సార్. వాటికి?" అని బెల్లు కొట్టడానికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే గొప్పగా ఉంటుంది గానీ, బాగానే పట్టింది. మర్నాడు బస్సులో ఫిజిక్స్ సారు పక్క సీట్లో కూర్చొని "ఆడపిట్ట దొరికిందా సార్?" అని అడిగాడు. ఎగతాళికే అడిగాడు. దొరికింది, వెనక వరండాలో ఉంది అని చెప్పడానికి నోరు రాలేదు. బస్సు దిగి, సంతకం పెట్టి, నోట్‌బుక్ పట్టుకొని తిన్నగా ఆ వరండాలోకి పోయి కూర్చున్నాను.

ఒక పీరియడ్ మొత్తం కదలకుండా కూర్చున్నాను. ఆడపిట్ట తొమ్మిదిసార్లు వచ్చింది. ప్రతిసారీ గూటి రంధ్రంలోంచి రెండు ముక్కులు బయటికి రావాలి. ఒకటే గట్టిగా వచ్చేది, రెండోది ఆలస్యంగా, వాలుగా. మగది ఒక్కసారి వచ్చింది, అదీ ఉత్త ముక్కుతో, వచ్చి వెంటనే పోయింది. తర్వాతి పీరియడ్‌కు లేచి పోయి అద్దం మీద నా తువ్వాలు కప్పి వచ్చాను. మగపిట్ట కొంతసేపు గోరింట చెట్టు మీద అటూ ఇటూ గెంతింది, అరిచింది, శత్రువు ఎక్కడికి పోయాడో వెతికింది. పావుగంటకు ముక్కున సాలీడును కరుచుకొని వరండాలోకి వచ్చింది. ఆ పీరియడ్ అయ్యేలోగా ఇంకో నాలుగుసార్లు వచ్చింది.

అంతే సంగతి. రెండు పీరియడ్లు కూర్చుంటే తేలిపోయే విషయం. చూడకుండా రాయొద్దని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పినవాణ్ని, చూడకుండా రెండు పేజీలు రాశాను.

నాకు బుద్ధొచ్చిందని మీరు అనుకుంటున్నారు. ఇంకా రాలేదు. సాయంత్రం ఆపాను పిలిచాను.

"నువ్వన్నది నిజమే ఆపా. కానీ రేపు ఒక్కపూట. పొద్దుగాల తువ్వాలు తీసి, అద్దం తుడిచిపెట్టు. కమిటీ పోంగనే పీకేద్దాం. ఇది చూపకపోతే గ్రూపు పోతది. ముందు పోయేది నీ కొలువే."

"మీరు చెప్తే తుడుస్త సార్. గని గిది నా పేరు మీద పెట్టకుండ్రి" అంది.

కమిటీ వచ్చే రోజు నేను మొదటి బస్సుకే వెళ్లాను. గేటు దగ్గర ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటోంది. ల్యాబ్ పక్కకు వచ్చేసరికి ఆపా స్టూలెక్కి, తడిగుడ్డతో అద్దం తుడుస్తోంది. నా తువ్వాలును నాలుగు మడతలు పెట్టి కిటికీ మీద ఉంచింది. ల్యాబంతా కడిగి, జాడీలన్నీ వరసగా పెట్టింది. మగపిట్ట అప్పుడే వచ్చి కొమ్మ మీద కాచుకొని ఉంది, ఈమె ఎప్పుడు దిగుతుందా అని. నన్ను చూసి ఆపా పక్కకు జరిగింది, "మంచిగున్నదా సార్?" అని అడిగింది. నిష్ఠూరం ఏమీ లేదు. నిష్ఠూరమాడివుంటే నేను వాదించేవాణ్ని, వాదించి గెలిచేవాణ్ని కూడా. పోతే ఆమె ఉద్యోగం పోతుంది, అయినా వద్దన్నది ఆమే. నా మాట మీద గౌరవంతో అద్దం తుడుస్తున్నదీ ఆమే. నాకు నా మీద అసహ్యం వేసింది.

స్టూలెక్కి అద్దాన్ని కొమ్మ నుంచి విప్పాను. కిందికి దిగి ఆమె చేతికిచ్చాను.

"బీరువాల పెట్టు ఆపా. తాళం వెయ్యి."

ఆమె రెండు చేతులతో అద్దం పట్టుకొని నన్నే చూసింది. తర్వాత లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు వచ్చారు, శాలువాల సంచీ చేతిలో పట్టుకొని. "అద్దమేది సార్?"

"తీసేసిన సార్. నేను రాసింది తప్పు. దిద్దుకుంటున్న."

"గిప్పుడా సార్ దిద్దుకునేది? కమిటీ గేటు కాడికచ్చింది." ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. పాపం, ఫ్లెక్సీలో ఉన్నది ఆయన ఫొటో.

కమిటీలో ముగ్గురు. కమిటీకి పెద్దగా వచ్చినావిడ జుట్టు నెరిసి, బరువైన కళ్లద్దాలతో, తక్కువ మాట్లాడే మనిషి. శాలువా వద్దన్నారు, టీ వద్దన్నారు. "హమ్మింగ్ బర్డ్ ఎక్కడ?" అన్నారు.

"లేదు మేడం" అన్నాను. "అది ఈ ఖండం పక్షే కాదు. ఇక్కడ ఉన్నది తేనెపిట్ట. మీకిచ్చిన నోట్‌లో అది నాట్యం చేస్తుందని రాశాను. అదీ తప్పే. అద్దంలో తన నీడతో కొట్లాడుతోంది."

ప్రిన్సిపాల్ గారు కళ్లు మూసుకున్నారు. మేడం నా నోటును మడిచి సంచీలో పెట్టుకున్నారు. "అయితే మీ దగ్గర చూపడానికేముంది?"

"నా తప్పు ఎట్లా బయటపడిందో చూపగలను మేడం. పట్టుకున్నది నేను కాదు. మా ఆపా."

ఆపాను పిలిస్తే ల్యాబ్ తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. నాకు రాదు సార్, మీరే చెప్పుండ్రి అంటోంది. చివరికి అందర్నీ వెనక వరండాలోకి తీసుకొచ్చి, నోటి మీద వేలు పెట్టి ఊరుకోమని సైగ చేసింది. కమిటీ వాళ్లూ, ప్రిన్సిపాల్ గారూ, తొమ్మిదిమంది పిల్లలూ, అందరం మెట్ల మీద కూర్చున్నాం. ఆడపిట్ట వచ్చింది, పోయింది. కాసేపటికి మగది పచ్చపురుగును పట్టుకొచ్చింది. రెండు ముక్కులూ బయటికి వచ్చాయి. హిస్టరీ ఆయన ఫోన్ తీయబోతే మేడం చేత్తో ఆపారు.

"అద్దం ఉన్నప్పుడు మగది రాలేదని నీకెట్లా తెలుసమ్మా?" అని మెల్లగా అడిగారు. "ఊరికే అనిపించిందా, లెక్క పెట్టావా?"

ఆపా వరండా తలుపును దగ్గరికి లాగింది. ఆ తలుపు ఎప్పుడూ గోడకు ఆనించి తెరిచే ఉంటుంది. దాని వెనక వైపు నిండా సుద్దముక్కతో గీతలు.

"పిల్లలు గుడ్లకెల్లి బయటవడ్డ కాడికెల్లి గీస్తాన మేడం. ఆడదానికి నిలువు గీత, మొగదానికి అడ్డగీత. నేను బెల్లు కొట్టేదాన్ని గద, బెల్లు బెల్లుకు ఒక వరస. ఒక్కపొద్దు నెల, మధ్యాహ్నం తినేది లేదు, ఈడనే కూసుంట. పని మీద లోపటికి పోయిన కాడ సున్న పెట్టిన. అప్పుడు చూడలె గదా మరి. గిది గాలి దుమారం లేసిన రోజు, అద్దం లోపట ఉన్నది. గీ వరసల అడ్డగీతలు చూడుండ్రి."

నేను కూడా ఆ గీతల్ని అప్పుడే చూశాను. ఎనిమిది రోజులు. వరస తర్వాత వరస నిలువు గీతలే, అక్కడొకటి ఇక్కడొకటి అడ్డగీత. ఒక్క రోజు మాత్రం రెండూ కలిసి వరసలు నిండిపోయాయి. నిన్న నేను తువ్వాలు కప్పాక కూడా అడ్డగీతలు పెరిగాయి. రెండో పీరియడ్ వరసలో ఐదు, నా నోట్‌బుక్‌లో ఉన్నన్నే; నేను వరండాలో కూర్చున్నప్పుడు ల్యాబ్ లోపలి నుంచి ఆమె కూడా లెక్కపెట్టిందన్నమాట.

మేడం కళ్లద్దాలు సవరించుకొని ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డారు. ముఖ్యంగా ఆ సున్నాల మీద వేలు పెట్టి చూశారు. "చూడనప్పుడు చూడలేదని రాయడం నా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లకు కూడా చెప్పి చెప్పి విసుగొస్తుంది" అన్నారు. అప్పుడు తెలిసింది, ఆమెది స్టాటిస్టిక్స్. "ఎవరు నేర్పించారమ్మా?"

"సారే మేడం" అంది ఆపా. "పిల్లలకు చెప్తాంటే ఇన్న. చూసింది చూసినట్టు రాయాలె, చూడంది రాయొద్దు అని చెప్తరు."

నేను గోడ వైపు తిరిగాను. అరవై ఏళ్ల దగ్గరికి వచ్చిన మనిషి పిల్లల ముందు కళ్లు తుడుచుకుంటే బాగుండదు కదా.

పోయేటప్పుడు మేడం గ్రూపు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. ప్రిన్సిపాల్ గారు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజున పిల్లలు రెండూ గూటిలోంచి ఎగిరిపోయాయి. బలహీనంగా ఉన్నది కూడా తడబడుతూనే గోరింట చెట్టు దాకా చేరింది. ఆయనే వచ్చి, "పోయినయట గద సార్ మనోళ్లు" అన్నారు. మాటలు కలిశాయి.

కాగితం ఎండాకాలం చివర్లో వచ్చింది. గ్రూపు కొనసాగుతుంది, పిల్లల సంఖ్య పెంచుకోవాలి అని ఉంది. కింద ఒక వాక్యంలో, ల్యాబ్ అటెండర్ చేసిన పరిశీలన మెచ్చుకోదగినదని, ఆమె సేవలను కొనసాగించాలని ఉంది. ఆపా ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. ఆ రోజు మిర్చి బజ్జీలు మామూలు కన్నా ఎక్కువ వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు ఫ్లెక్సీలో హమ్మింగ్ బర్డ్ అన్నచోట తేనెపిట్ట అని కాగితం అంటించారు. బొమ్మ మాత్రం అదే పచ్చటి పరాయి పక్షిది. నేను అడగలేదు. ఒక ఏడాదికి ఒక తప్పు దిద్దుకుంటే చాలు.

ఆ పై ఏడాది నేను రిటైరయ్యాను. సభ అయిపోయి, దండలు తీసేసి, ల్యాబ్‌లో నా పుస్తకాలు సర్దుకుంటుంటే ఆపా అట్టపెట్టెకు తాడు కడుతోంది. ఎన్నాళ్లనుంచో అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగాను.

"ఆ రోజు నీకు భయం కాలేదా ఆపా? గ్రూపు పోతే ఏం చేసేదానివి?"

"భయం కాకుంట ఎట్లుంటది సార్? పద్నాలుగేండ్ల కొలువు. ఆ రోజు తెల్లారుగట్ల నమాజుల కూసుండి అల్లాను రెండూ అడిగిన. ఒకపారి సార్ అద్దం ఉంచాలె అని అడిగిన, నా కొలువు కోసం. మళ్ల ఇంకోపారి సార్ అద్దం తియ్యాలె అని అడిగిన, పిల్లల కోసం. నా బుద్ధికి నాకే సిగ్గనిపించింది."

ఆమెను నేను ఏ భయమూ లేని మనిషని అనుకున్నాను. కొలువు మీద ఆశ లేనిదానిలా, ధైర్యంగా నిలబడిందని ఊరంతా చెప్పుకున్నాను కూడా. నాకన్నా ఎక్కువగా వణికిపోయి, వణుకుతూనే అద్దం తుడిచిందన్నమాట.

"మరి దేవుడు ఏది విన్నడు ఆపా?"

ఆమె తాడు ముడి బిగించి, పెట్టెను ఒకసారి ఊపి చూసుకుంది.

"ఏమో సార్" అంది. "తీసింది మీరే గద."